కొబ్బరితోటల మధ్య వైర్‌లెస్ లింకు: ఏళ్ల తరబడి వాడాక

మాది రాజోలు దీవి. నెట్ వచ్చేది ఇంటికి. కావలసింది మాత్రం పక్కనున్న కొబ్బరి గోదాములోనూ, 800 మీటర్ల అవతల రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులోనూ. గోదాముకి మామూలు లాన్ కేబుల్ సరిపోయింది. ఆ కేబుల్ 100 మీటర్ల వరకే పనిచేస్తుంది కాబట్టి చెరువుకి వేరే దారి చూడాల్సి వచ్చింది. సొంతంగా ఫైబర్ లాగాలంటే పంట కాలువ, పంచాయతీ రోడ్డు, నలుగురి తోటలు దాటాలి. అందుకని 2021లో టీపీ-లింక్ సీపీఈ510 అనే వైర్‌లెస్ పెట్టెలు రెండు కొని, గోదాము మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి ఎదురెదురుగా బిగించాం.

పెట్టె చిన్నది. 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, 13 డీబీఐ (సిగ్నల్ని ఒక వైపుకి కూడగట్టే బలానికి కొలత) యాంటెన్నా లోపలే ఉంటుంది. కరెంటు, డేటా ఒకే కేబుల్లో పైకి వెళ్తాయి. ఒకదాన్ని యాక్సెస్ పాయింటుగా (నెట్ పంపేది), రెండోదాన్ని క్లయింటుగా (అందుకునేది) పెట్టాలి. రెండూ 192.168.0.254 అనే ఒకే అడ్రసుతో వస్తాయి, పైకి ఎక్కించక ముందే ఒకదాని అడ్రసు మార్చుకోండి. లైసెన్సు టెన్షన్ లేదు, 2018లో కేంద్రం ఈ బ్యాండును ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు లేకుండా వదిలేసింది.

స్పీడు గురించి ఒక్క మాట. లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, ఇంట్లో ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా షెడ్డులో అంతకు మించి రాదు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెడితే మాకు 80 దాకా నిలకడగా వస్తోంది. కెమెరాలకు అందులో పదో వంతు చాలు. నడిరాత్రి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది. అలాంటి రాత్రి ఫోన్లో చెరువు కనపడటం ఎంత విలువైనదో రొయ్యల రైతుకి చెప్పక్కర్లేదు. అందుకే రెండు వైపులా పెట్టెకి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరిగా ఉండాలి. కరెంటు పోయినప్పుడే కదా కెమెరా అవసరం!

ఇక అసలు సంగతి. డబ్బా మీద కిలోమీటర్ల లెక్క చూసి మోసపోకండి. మన ప్రాంతంలో దూరం సమస్యే కాదు, కొబ్బరి మట్టలే సమస్య. అవతలి పెట్టె కంటికి కనపడితే చాలనుకుంటారు, చాలదు. సిగ్నల్ దారి కదురులా చివర్లలో సన్నగా, మధ్యలో లావుగా ఉంటుంది. దీన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 800 మీటర్ల లింకుకి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్ధం మూడు మీటర్ల పైనే. అందులో కనీసం 60 శాతం, అంటే చుట్టూ దాదాపు రెండు మీటర్లు, ఏ అడ్డూ ఉండకూడదు. నాటు కొబ్బరి ఇరవై మీటర్లు కూడా దాటుతుంది, దాని పైనుంచి పోవాలంటే టవరే కట్టాలి. మాకు కలిసొచ్చింది కాలువ. దాని మీద ఆకాశం ఖాళీగా ఉంటుంది కాబట్టి గోదాము నుంచి లింకు ఆ దారినే పోతుంది.

అయినా గట్టు మీది గోదావరి గంగ అనే హైబ్రిడ్ రకం కొబ్బరి చెట్టు ఏటా ఎదిగి దారిలోకి వస్తోంది. అది కాపుకొచ్చిన చెట్టు, కొట్టమని అడగలేం. కాయల దింపు తీసినప్పుడల్లా అడ్డొచ్చిన మట్ట ఒకటి తీయించుకుంటాం. మట్ట అడ్డు లేనప్పుడు సిగ్నల్ మైనస్ 58 డీబీఎం, అడ్డొస్తే మైనస్ 70 దాటుతుంది (మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమైనట్టు), గాలికి ఊగుతుంటే వీడియో ఆగి ఆగి వస్తుంది. ముసురు పడితే ఇంకా తగ్గుతుంది. "వానకి నెట్ పోయింది" అని మా నాన్నగారు అంటారు గానీ, ఇంత దూరంలో 5 గిగాహెర్ట్జ్‌కి వాన లెక్కలోది కాదు. తడిసిన ఆకులే సిగ్నల్ని మింగేస్తాయి.

ఈ యాంటెన్నా పక్కలకి 45 డిగ్రీల మేర చూస్తుంది. పట్నంలో చుట్టుపక్కల వైఫైల గోల అంతా వినపడుతుంది కాబట్టి అక్కడ అది లోపమే. మాకు మాత్రం మేలైంది. 2025 అక్టోబరులో మొంథా తుపాను గాలికి షెడ్డు మీది జీఐ పైపు కాస్త పక్కకు తిరిగింది, అయినా లింకు తెగలేదు. సన్నటి కిరణం పంపే డిష్ అయితే మళ్లీ ఎక్కి సరిచేయాల్సి వచ్చేది. పైపు కదలకుండా లాగి పట్టే స్టే వైర్లు మాత్రం మూడు వైపులా కట్టించండి.

ఉప్పుగాలికి పెట్టె తట్టుకుంది, క్లాంపులు తట్టుకోలేదు. మొదటి నుంచే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. కేబుల్ చివర కనెక్టర్లకి చిలుము పడుతుంది, ఏటా వానలకు ముందు మార్చేస్తే నయం. కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలాలి, నీళ్లు దాని వెంట లోపలికి పోకుండా. పిడుగుల కాలం కాబట్టి షీల్డెడ్ కేబుల్ (లోహపు తొడుగు ఉన్నది), సరైన ఎర్తింగ్ రెండూ ఉండాలి. వీటికీ పైపుకీ కలిపి పెట్టెల ధర కంటే ఎక్కువే అవుతుంది, ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి.

ఈమధ్య పక్క చెరువు ఆయన తనకీ ఇలాంటిదే పెట్టించమన్నారు. ఆయన ఇంటికీ చెరువుకీ మధ్య నిండు తోట ఉంది. ఎంత ఖరీదైన పెట్టె పెట్టినా ఆ దారిలో నిలబడదు. మురుగు కాలువ వెంట స్తంభాల మీద ఫైబర్ లాగించుకోమని చెప్పాను.