ఫ్రేజల్ వెర్బ్స్ కోర్సు కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

'వెయ్యి ఫ్రేజల్ వెర్బ్స్, తెలుగు అర్థాలతో' అన్న ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. ఫ్రేజల్ వెర్బ్స్ అంటే క్రియకు 'ఆఫ్', 'అప్' లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చే ఇంగ్లీషు పదబంధాలు. మూడు వారాలు రోజూ కూర్చుని బట్టీ పట్టాను. అది తప్పులతడక అని నాకు ఆఫీసులో దెబ్బ తగిలాకే తెలిసింది.

అందులో 'కాల్ ఆఫ్' అంటే వాయిదా వేయడం అని ఉంది. ఒక మీటింగ్ వాయిదా పడిందని అందరికీ చెప్పమంటే, 'ది మీటింగ్ ఈజ్ కాల్డ్ ఆఫ్' అని ధైర్యంగా మెయిల్ పెట్టాను. కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. వాయిదాకైతే 'పుట్ ఆఫ్' అనాలి. మీటింగే లేదనుకుని ఇద్దరు తమ పని పక్కన పెట్టేశారు, ఒకరు సెలవు పెట్టేశారు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఇంటికొచ్చి ఒక్కొక్కటీ డిక్షనరీలో సరిచూశాను. 'పుట్ అప్ విత్' అంటే సహించడం, భరించడం. వీళ్లు 'పైన పెట్టడం' అని రాశారు. 'లుక్ డౌన్ ఆన్' అంటే చులకనగా చూడటం. వీళ్ల దృష్టిలో అది 'కిందికి చూడటం'! 'చేయి చేసుకున్నాడు' అన్న మన మాటని ముక్కలు చేసి ఇంగ్లీషులోకి మారిస్తే కొట్టాడన్న అర్థం ఎక్కడ మిగులుతుంది? వీళ్లు చేసింది అదే. మనిషి ఒక్కసారి చదివినా దొరికిపోయే తప్పులివి.

అర్థం సరిగ్గా ఉన్నచోట కూడా ఒకటే ఇచ్చి వదిలేశారు. 'టేక్ ఆఫ్' అంటే విమానం గాల్లోకి లేవడమే అట. బట్టలో చెప్పులో విప్పడానికీ, వ్యాపారం ఊపందుకోవడానికీ అదే మాట వాడతారని ఎక్కడా లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం అభ్యాసాల్లోని వాక్యాలు. 'టర్న్ ఆఫ్ ది లైట్', 'టర్న్ ది లైట్ ఆఫ్' రెండూ సరైనవే. లైట్ బదులు 'ఇట్' వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. వీళ్లు 'టర్న్ ఆఫ్ ఇట్' అని పదేపదే రాయించారు. చేత్తో రాసి అలవాటైన తప్పు పోవడం చాలా కష్టం. 'లుక్ ఆఫ్టర్' లాంటివాటిని అలా విడదీయకూడదన్న మాటే లేదు.

ఇక ఆ వెయ్యి లెక్క. గెట్ అప్, గాట్ అప్, గెటింగ్ అప్ ఒకే మాటకు మూడు రూపాలు. వాటికి మూడు నంబర్లు వేశారు.

'నచ్చకపోతే 30 రోజుల్లో డబ్బు వాపసు' అన్నారు కదా అని అడిగాను. ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు అది వర్తించదట. డౌన్‌లోడ్ చేయకుండా నచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? తప్పులన్నీ స్క్రీన్‌షాట్లతో పంపాను. జవాబు లేదు.

ఇలాంటిది ఏది కొనాలన్నా ముందు నమూనా పాఠం అడగండి. ఇవ్వకపోతే అక్కడే వదిలేయండి. ఇస్తే 'కాల్ ఆఫ్', 'టేక్ ఆఫ్', 'టర్న్ ఇట్ ఆఫ్' ఎలా ఉన్నాయో చూడండి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, పక్కన తెరిచి పోల్చుకోండి. వాపసు షరతులు చివరి లైను దాకా చదవండి.

నేను కొన్న కోర్సే ఇప్పుడు కొత్త పేరుతో, కొత్త అట్టతో కనిపిస్తోంది. నమూనాలో 'పుట్ అప్ విత్' దగ్గర 'పైన పెట్టడం' అని ఉంటే అది ఇదే.