హెలీన్ బురద, మిల్టన్ గాలి: మా అకార్డియన్ షట్టర్ల సంగతి

ముందే చెప్పేస్తున్నాను, తుపాను గాలి నుంచి కిటికీ అద్దాలను కాపాడే ఈ మడత షట్టర్లంటే నాకు ప్రాణం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టాంపా బే నీళ్ళకు దగ్గరగా, ఎవాక్యుయేషన్ జోన్ ‘ఎ’లో (తుపానొస్తే అందరికన్నా ముందు ఖాళీ చేయమనే ప్రాంతం) ఉంది మా ఇల్లు. 2017లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు ఇంటితో పాటు వచ్చిన పాత అల్యూమినియం ప్యానెళ్ళు బిగించాం. ఏ రేకు ఏ కిటికీదో నంబరు చూసి వెతుక్కోవాలి. అంచులు చేతులు కోసేస్తాయి. తుప్పు పట్టిన నట్లు తిరగవు. ఎండలో ఒక పూటంతా పట్టింది. మరుసటి ఏడాదే వీటిని పెట్టించాం.

కిటికీకి రెండు పక్కలా హార్మోనియం తిత్తిలా మడతపడి ఉంటాయి. లాగి మధ్యలో కలిపి తాళం తిప్పడమే. నిచ్చెన ఎక్కక్కర్లేదు, మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అద్దాల గురించి నాకెందుకింత పట్టింపంటే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకిన రోజు మా అత్తగారి ఫ్లాట్‌లో హాలు అద్దాలు పగిలిపోయి, పెద్దవాళ్ళిద్దరూ గాలి తగ్గేదాకా బాత్రూంలో తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఇక్కడి ఇళ్ళకు అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. ఒక్క కిటికీ పోయినా లోపలికి దూరిన గాలి కప్పును కింద నుంచి ఎత్తుతుంది, పైన వీచే గాలి పైకి లాగుతుంది. కలిసి కప్పునే లేపేస్తాయి.

ఇక 2024 సంగతి. సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ తుపాను తీరం దాటింది మాకు ఎంతో ఉత్తరాన, ఫ్లోరిడా తీరం వంపు తిరిగే బిగ్ బెండ్‌లో. అయినా ఉప్పెన మా బే అంతా పొంగించింది. గరాజ్‌లో మోకాలి లోతు నీళ్ళు. ఇంటి గడపకు బెత్తెడు కింద ఆగాయి గానీ, వెనక పాటియో గచ్చు మునిగింది. ఆ గచ్చు మీదే ఉంది స్లైడింగ్ తలుపు షట్టరు జారే కింది పట్టా. మర్నాడు తడి మీద షట్టరు బాగానే తెరుచుకుంది. కనిపించిన బురదంతా పైపు పెట్టి కడిగేశాం. నీళ్ళు పోయే చిల్లుల్లోకీ పట్టా మూలల్లోకీ చేరిన బురద మాత్రం లోపలే ఎండింది.

రెండు వారాలు తిరక్కముందే మిల్టన్. అక్టోబరు 7న అది కేటగిరీ 5, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి తుపాను అయింది. అప్పటికి మా వీధి పొడుగునా తడిసిన సోఫాలు, పరుపులు, గోడల నుంచి ఊడదీసిన బోర్డులు గుట్టలుగా ఉన్నాయి. వంద మైళ్ళ గాలొస్తే అవన్నీ ఎగిరొచ్చి ఎవరి అద్దానికి తగులుతాయో తెలియదు. మర్నాడు పొద్దున్నే కిటికీలన్నీ కాఫీ చల్లారేలోపు వేసేశాను. వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి, జానెడు సందు మిగిలి షట్టరు బిగుసుకుపోయింది. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద అద్దం అదే.

పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే, తుపాను వెళ్ళాక చేయమని రికార్డింగ్. వారంటీ కాగితం తీస్తే ఉప్పునీట మునిగితే వర్తించదని రాసుంది. తీరంలో ఇళ్ళకు అమ్మే వస్తువుకు ఆ షరతేంటని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యలో కాకినాడ నుంచి అమ్మ ఫోను: “తలుపుల సంగతి తర్వాత చూసుకోవచ్చే, ముందు పిల్లని తీసుకుని బయల్దేరండి!”

స్క్రూడ్రైవరు మందం ఎక్కువై పట్టా అడుగుకు దిగలేదు. చివరికి వంటింట్లోంచి అట్లకాడ తెచ్చాను. పల్చటి స్టీలుది, సరిగ్గా పట్టింది. గీస్తుంటే గవ్వముక్కలు కలిసిన బూడిదరంగు మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. మావారు హ్యాంగరు తీగ సాగదీసి చిల్లుల్లో పొడిచారు. పైపు పెడితే మొదట నల్లటి నీళ్ళు, తర్వాత ఇసుక, ఆ తర్వాత తేట నీళ్ళు. పై రోలర్లకు సిలికాన్ స్ప్రే కొట్టి, ఆయన ఒక వైపు కాస్త ఎత్తి పట్టుకుంటే నేను లాగాను. తాళం టక్కున పడింది. కారెక్కి ఆర్లాండోలో స్నేహితుల ఇంటికి వెళ్ళిపోయాం.

9వ తేదీ రాత్రి మిల్టన్ సియెస్టా కీ దగ్గర కేటగిరీ 3గా తీరం దాటింది. మా ఊళ్ళో 18 అంగుళాలు దాటి వాన కురిసింది, ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు చిరిగిపోయింది. తిరిగొచ్చి చూస్తే ఎవరిదో ఫెన్స్ చెక్క మా వెనక షట్టరు కింద పడి ఉంది. రెండు పలకల మీద అరచేతంత సొట్ట. వెనక అద్దానికి గీత కూడా పడలేదు. అక్కడే నిలబడి ఆ అద్దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను.

అందరికీ ‘క్షణాల్లో పని’ అని చెప్పేదాన్ని. కిటికీల వరకు అది ఇప్పటికీ నిజమే. నేలకు ఆనుకున్న పట్టా మాత్రం సేవ అడుగుతుంది: తుపాన్ల సీజను జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలలోనే మంచినీళ్ళతో కడిగి, చిల్లులు పొడిచి, సిలికాన్ కొట్టాలి. నూనె వద్దు, ఇసుక అంటుకుంటుంది. సొట్ట పడిన పలకలు ఇప్పుడు మడిచేటప్పుడు పట్టేస్తున్నాయి. షట్టర్లన్నీ వేసి, కరెంటు కూడా పోతే ఇల్లు చీకటి గుహే. లోపల ఉండిపోయేవాళ్ళు బయటపడే దారి ఒకటి ముందే చూసి పెట్టుకోవాలి.

ఇవి ఆపేది గాలినే, నీటిని కాదు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద ఉండదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ (కేంద్ర ప్రభుత్వ వరద బీమా) సాధారణంగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు, ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లే ఇస్తుంది. గాలి నష్టానికి హరికేన్ డిడక్టిబుల్ (బీమా డబ్బుకు ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) వేరు. అది శాతాల్లో ఉంటుంది: 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతమంటే మొదటి 8 వేలు మనవే. జోన్ ‘ఎ’లో కొత్తగా కొనేవాళ్ళు షట్టర్ల కంటే ముందు గడప ఎత్తు చూసుకోండి.

మాది ఒంటి అంతస్తు, గంటన్నర దూరంలో తలదాచుకునే ఇల్లుంది, ప్రతి మే నెలలో ఆ పట్టాలు కడిగే ఓపిక మాకుంది. కాబట్టి మాకు సరిపోయాయి. వేసవిలో నెలల తరబడి ఇండియా వెళ్ళేవాళ్ళకు కూడా నయమే, తాళం చెవి పక్కింటివాళ్ళకిస్తే వాళ్ళే వేసేస్తారు. అదే ఇంట్లో ఇంకో ఇరవయ్యేళ్ళు ఉంటామనుకుని, చేతిలో డబ్బుంటే, వెనక పెద్ద తలుపు ఒక్కదానికైనా ఇంపాక్ట్ గ్లాసు (ఎగిరొచ్చే వస్తువుల దెబ్బకు తట్టుకునే అద్దం) ధర కనుక్కోండి. మేమూ కనుక్కుంటున్నాం.