పాస్‌పోర్టులు కొరియర్‌లో పంపిస్తామంటే ఒప్పుకోకండి – మా ఇంట్లో జరిగింది చదవండి

వీసా స్టాంపింగ్ అయ్యాక పాస్‌పోర్టులు కొరియర్‌లో ఇంటికి పంపిస్తామని మీ ట్రావెల్ ఏజెంటు అంటే దయచేసి సరేననకండి. ఒకరోజు సెలవు పెట్టయినా సరే, వెళ్ళి చేత్తో తీసుకోండి. మేం సరేనన్నాం. అక్క పురిటి సమయానికి అమ్మ పక్కన లేకుండా పోయింది.

అక్కావాళ్ళు జర్మనీలో ఉంటారు. తొలిచూలు. అమ్మానాన్నలు మూడు నెలలు ఉండి రావాలనుకుని హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి రాజమండ్రి వచ్చేశారు. పెద్దవాళ్ళను మళ్ళీ అంత దూరం తిప్పడం ఎందుకని, పాస్‌పోర్టులు తీసుకునే పనికి ఏజెంటు పేర ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చాం. వీసాలు వచ్చాయని ఫోన్ రాగానే అమ్మ అటక మీంచి పెట్టె దింపించింది. శొంఠి పొడి కొట్టించింది, సున్నుండలు చుట్టింది, పాత నేత చీరలు చింపి పొత్తిళ్ళ కోసం ఉతికి ఆరేసింది.

కవరు రాలేదు. నాలుగో రోజు ట్రాకింగ్ చూస్తే 'డెలివర్డ్' అని ఉంది. సంతకం ఉండాల్సిన చోట ఒక అడ్డగీత. మా ఇంట్లో ఎవరూ సంతకం పెట్టలేదు, ఎవరికీ ఫోన్ కూడా రాలేదు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, "మేడమ్, మేం కొరియర్‌కి ఇచ్చేశాం, రసీదు ఉంది. అక్కడితో మా బాధ్యత అయిపోయింది" అన్నాడు. కొరియర్ ఆఫీసుకు వెళ్తే, "మా కస్టమర్ మీరు కాదు, బుక్ చేసిన ఆయన. ఆయన్నే కంప్లయింట్ ఇమ్మనండి. అయినా సిస్టమ్‌లో డెలివరీ అయినట్టే ఉంది" అన్నారు. పోలీసు స్టేషన్‌కు వెళ్తే, "పోయింది హైదరాబాద్‌లోనా, ఇక్కడా? పోయిందని కొరియర్ వాళ్ళ దగ్గర కాగితం తీసుకురండి" అన్నారు. పోయిందని ఒప్పుకోని వాళ్ళు ఆ కాగితం ఎలా ఇస్తారు? ఇలా తిరగడంలోనే తొమ్మిది రోజులు గడిచిపోయాయి. రేపు దొరుకుతుందేమో, ఎల్లుండి వస్తుందేమో అని మేమూ ఎదురుచూశాం. అదే మేం చేసిన పెద్ద తప్పు.

చివరికి దారి దొరికింది రాతకోతల వల్లే. డెలివరీ ప్రూఫ్ కాపీ ఇమ్మని కొరియర్ వాళ్ళకు మెయిల్ పెట్టాను. వాళ్ళు పంపిన దానికి, 'ఈ సంతకం మా ఇంట్లో ఎవరిదీ కాదు, కవరు మాకు చేరలేదు' అని జవాబు రాశాను. ఆ మెయిళ్ళన్నీ ప్రింటు తీసి పట్టుకెళ్ళాక మా ఊరి స్టేషన్‌లోనే రిపోర్టు తీసుకున్నారు. నోటితో వంద సార్లు చెప్పినా కాని పని ఆ నాలుగు కాగితాలతో అయింది. మీకు ఇలాంటి పరిస్థితి వస్తే మొదటి రోజే మెయిల్ పెట్టండి.

తర్వాతగానీ మాకు అసలు సంగతి అర్థం కాలేదు. పోగొట్టింది ఎవరైనా, కొత్త పాస్‌పోర్టు తెచ్చుకోవాల్సింది మాత్రం దాని హక్కుదారే. ఏజెంటు తెచ్చిపెట్టలేడు, కొరియర్ వాళ్ళు తెచ్చిపెట్టలేరు. వాళ్ళ నుంచి రాబట్టగలిగితే డబ్బు రాబట్టగలం, అంతే. మీ పాస్‌పోర్టు చివర్లో చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి చదవండి. అది భారత ప్రభుత్వ ఆస్తి అనీ, హక్కుదారు దగ్గర గానీ, ఆయన అధికారం ఇచ్చిన మనిషి దగ్గర గానీ ఉండాలనీ రాసి ఉంటుంది. ఏ దేశం నుంచీ బయటికి పోస్టులో పంపకూడదనీ, పోతే క్షుణ్ణంగా విచారణ జరిపాకే మరొకటి ఇస్తామనీ కూడా ఉంటుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇంటి నుంచి పాస్‌పోర్టు కొరియర్‌లో తెప్పించుకునే ముందు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

మామూలుగా 36 పేజీల పాస్‌పోర్టు రీ-ఇష్యూకు 1500 రూపాయలు. పోయినదాని బదులు కావాలంటే 3000. ఇద్దరికీ 6000 కట్టాం. అపాయింట్‌మెంట్ భీమవరం పాస్‌పోర్టు కేంద్రంలో దొరికింది. పోలీసు రిపోర్టుతో పాటు అనెగ్జర్-ఎఫ్ అనే డిక్లరేషన్ ఇవ్వాలి: ఎలా పోయింది, ఎక్కడ పోయింది, ఇంతకుముందు ఎప్పుడైనా పోగొట్టుకున్నారా అని. దానికి స్టాంపు పేపరు, నోటరీ కావాలని బయట ఒకాయన 500 అడిగాడు. అవేమీ అక్కర్లేదు. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చినప్పటి నుంచి తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇస్తే చాలు. మళ్ళీ పోలీసు వెరిఫికేషన్ కూడా జరిగింది. పాస్‌పోర్టు ఎలా పోయిందో కానిస్టేబుల్ గారికి వివరంగా చెప్పాల్సి వచ్చినప్పుడు నాన్న మొహం చూడలేకపోయాను. ఆయన జీవితంలో ఒక్క కాగితం పోగొట్టుకున్న మనిషి కాదు.

వీసా స్టిక్కర్ పాత పాస్‌పోర్టుతో పాటే పోయినట్టు. షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) ఫీజు మనిషికి 90 యూరోలు మళ్ళీ కట్టాం, ఇన్సూరెన్సు తేదీలు మార్చుకున్నాం, టికెట్లలో సగానికి పైగా డబ్బు పోయింది. వేలిముద్రలు 59 నెలల వరకు వీసా ఇచ్చేవాళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి అవొక్కటే మళ్ళీ ఇవ్వనక్కర్లేకపోయింది.

అయిదు వారాల తర్వాత కవరు దొరికింది. మా అపార్ట్‌మెంట్ పేరుతోనే ఊళ్ళో ఇంకొకటి ఉంది. అక్కడి వాచ్‌మన్ తీసుకుని సొరుగులో పెట్టి ఊరెళ్ళిపోయాడట. కవరు విప్పకుండా అలాగే ఉంది. దాని మీద మా ఫోన్ నంబరు లేదు, ఏజెంటు ఆఫీసు నంబరు ఉంది. డెలివరీ కుర్రాడు అడ్రసు కోసం వాళ్ళకే ఫోన్ చేసి ఉంటాడు, ఎవరూ ఎత్తి ఉండరు. మా నంబరు రాసి ఉంటే ఒక్క ఫోన్‌తో తేలిపోయేది. ఇప్పటికీ కడుపు మండేది దానికే.

దొరికినా లాభం లేదు. పోయిందని రిపోర్టు చేశాక ఆ పాస్‌పోర్టు నంబరు రద్దయిపోతుంది. పోయిన, దొంగిలించిన ప్రయాణ పత్రాల జాబితా ఒకటి 2002 నుంచి ఇంటర్‌పోల్ అనే అంతర్జాతీయ పోలీసు సంస్థ దగ్గర ఉంది, ఎయిర్‌పోర్టుల్లో దాంతో సరిచూస్తారు. కాబట్టి పాతది దొరికిందని పట్టుకుని ప్రయాణం పెట్టుకోకండి. మేం వాటిని పాస్‌పోర్టు ఆఫీసుకు అప్పగించేశాం.

ఇక నష్టపరిహారం సంగతి. కొరియర్ వాళ్ళు రసీదు వెనక ఉన్న సన్న అక్షరాలు చూపించి 100 రూపాయలు ఇస్తామన్నారు. ఊరికే బెదిరింపు అనుకున్నాను గానీ, లాయరు గారు వివరంగా చెప్పారు. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో, జర్మనీకి పంపిన డాక్యుమెంట్ల కవరు చేరలేదు. రసీదు మీద సంతకం పెట్టారు కాబట్టి అందులో రాసిన 100 డాలర్ల పరిమితికి కట్టుబడాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆయన ముందు మా రసీదు అడిగారు. గులాబీ రంగు కార్బన్ కాపీ. సామాను దగ్గర 'డాక్స్' అని, విలువ దగ్గర గీత, పంపినవారి సంతకం గడి ఖాళీ. "ఈ ఖాళీ గడిని జాగ్రత్తగా దాచుకోండమ్మా" అన్నారు.

ఏజెంటు బిల్లులో 'కొరియర్ ఛార్జీలు 300' అని విడిగా ఉంది. ఆ డబ్బు మా దగ్గర తీసుకున్నాడు, కొరియర్‌ను ఎంచుకున్నది అతను, నంబరు తప్పు రాసింది అతను. అక్కడితో మా బాధ్యత అయిపోయిందంటే కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాళ్ళే కాదు, వాళ్ళ అనుమతితో ఆ సేవ పొందేవాళ్ళు కూడా వినియోగదారులే. అందుకని 'మీరు మా కస్టమర్ కాదు' అన్న కొరియర్ వాళ్ళనూ కేసులో చేర్చాం. మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ళ గడువు ఉంది, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు. మా కేసు ఇంకా నడుస్తోంది.

స్పీడ్‌పోస్ట్ అయితే నష్టం ఉండదని కొందరు అన్నారు. నమ్మకం విషయంలో నేనూ దానివైపే. కానీ పరిహారం దగ్గర అక్కడా అంతే: కవరు పోతే కట్టిన ఛార్జీకి రెట్టింపు గానీ 1000 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది. అంతకు మించి బాధ్యత లేదని పోస్టాఫీసు చట్టమే చెప్తుంది.

పంపక తప్పని పరిస్థితి ఉంటే కవరు మీద మీ సొంత నంబరు ఉందో లేదో ఫొటో పంపమనండి. హక్కుదారుకు, గుర్తింపు కార్డు చూసి మాత్రమే ఇవ్వాలని రాయించండి. పోతే ఖర్చులు ఎవరు పెట్టుకుంటారో ఏజెంటు చేత ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి. భార్యాభర్తల పాస్‌పోర్టులు ఒకే కవరులో పెట్టనివ్వకండి. అన్ని పేజీలూ, వీసా పేజీతో సహా, ముందే స్కాన్ తీసి ఉంచుకోండి. మా దగ్గర ఆ కాపీలు ఉండబట్టే రీ-ఇష్యూ పని త్వరగా అయింది.

రెండోసారి వీసాలు వచ్చాయని మెసేజ్ వచ్చినప్పుడు నాన్న ఎవరికీ లెటర్ రాసివ్వలేదు. ఆ రాత్రే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళి, మర్నాడు రాత్రి మళ్ళీ గౌతమిలోనే బయల్దేరి, రెండు పాస్‌పోర్టులూ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తెల్లారేసరికి ఇంటికొచ్చారు. అమ్మ సున్నుండలు మళ్ళీ చుట్టింది. వాళ్ళు వెళ్ళేసరికి పాపకు మూడో నెల.