మిద్దె మీద డెక్ వేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కొత్తగా ఇల్లు కట్టుకుని, మిద్దె మీదో పెరట్లోనో డెక్ (ఫ్రేమ్ మీద పలకలు పరిచి లేపిన నేల) వేయించుకుందామని కొటేషన్ చేతిలో పట్టుకుని ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఈ మధ్య ఇంటీరియర్ పని చేసే ప్రతి ఒక్కరూ డెక్కులు కూడా వేస్తామంటున్నారు. అందులో ఎంతమందికి ఆ పని వచ్చో నాకు పెద్ద అనుమానం. మాకు వేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయను, విషయం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నడుస్తోంది. పేరు కంటే వాళ్ళు చేసిన పనేంటో తెలిస్తేనే మీకు లాభం. ఇదే పనిని ఇంకొకళ్ళు ఇంకో బోర్డు కట్టుకుని మీకూ చేస్తారు.

మా ఇల్లు వేదాయపాళెం వైపు. పై మిద్దె మీద 20 అడుగులకి 18 అడుగుల చోటు, అంటే 360 చదరపు అడుగులు. సాయంత్రం పూట పెద్దవాళ్ళు కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి, ఒక వారగా మొక్కలు పెట్టుకోవడానికి అనుకున్నాం. వాళ్ళు త్రీడీ బొమ్మ చేసి తెచ్చారు. తెల్ల సోఫా, వేలాడే లైట్లు, నడిమధ్యన పొడుగాటి పూలతొట్టి. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే అందులో మా మెట్లగది తలుపు ఎటు తెరుచుకుంటుందో లేదు, వాననీళ్ళు పోయే గొట్టాలు యాడున్నాయో లేదు, పలకల కింద ఏముంటుందో అసలే లేదు. చదరపు అడుగుకి 520 రూపాయలు. "అన్నీ కలిపే మేడం, మళ్ళీ రూపాయి అడగం" అన్నారు. తర్వాత జీఎస్టీ వేరు అన్నారు, అంచు పట్టీలు వేరు అన్నారు. అది చిన్న గొడవ, వదిలేయండి.

అసలు గొడవ మెటీరియల్ దగ్గర మొదలైంది. మాకు వేస్తామన్నది డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి పోసిన పలక. మామూలు చెక్కలాగా చెదలు తినేసేది కాదన్నది నిజమే. కానీ అందులో రకాలున్నాయి. నిండు పలక ఒకటి, లోపల గుల్లగా ఉండేది ఒకటి. పైన గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసి వచ్చే కో-ఎక్స్‌ట్రూడెడ్ రకం ఒకటి, తొడుగు లేనిది ఒకటి. తొడుగు లేనిది ఎండకి తొందరగా వెలుస్తుంది, మరకలు పీల్చుకుంటుంది. మా అత్తయ్య వడియాలు పెట్టిన చోట పడిన నూనె చుక్కలు ఇప్పటికీ పోలేదు. శాంపిల్‌గా మా చేతిలో పెట్టింది నిండు పలక, తొడుగు ఉన్నది. ఆటోలో దిగింది గుల్ల పలక, తొడుగు లేనిది. రంగు ఒకటే కాబట్టి పైనుంచి చూస్తే తేడా కనిపించదు, కోసిన అంచు చూస్తేనే తెలుస్తుంది. అందుకని శాంపిల్ ముక్క వాళ్ళకి తిరిగి ఇవ్వొద్దు. దాని మీద మార్కర్‌తో తేదీ వేసి, వాళ్ళ సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. లోడు దిగగానే దాని పక్కన పెట్టి ఫోటో తీయండి. మా కేసులో ఇప్పుడు మాకున్న గట్టి సాక్ష్యం ఆ జానెడు ముక్కే.

ఇంకోటి, మనం మిద్దె మీద చెప్పులు లేకుండా తిరుగుతాం. ముదురు కాఫీ రంగు బొమ్మలో బాగుంటుంది, మే నెల మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టి చూడండి. శాంపిల్‌ని ఒంటిగంట ఎండలో గంటసేపు పెట్టి, మీరే ఒట్టి కాలితో నిలబడి రంగు ఖాయం చేసుకోండి. లేత రంగులు కొంచెం నయం.

ఇక ఫ్రేమ్. డెక్‌లో డబ్బంతా, ప్రాణమంతా అక్కడే ఉంటుంది, మోసమంతా కూడా అక్కడే. పలకలు వేసేశాక కింద ఏముందో ఎవరికీ కనపడదు కదా. కొటేషన్‌లో "జీఐ ఫ్రేమ్" అని రాశారు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. వానాకాలంలో ఒక పలక విప్పి చూస్తే ఉన్నది మామూలు ఇనుప పైపు, పైన వెండి రంగు పెయింటు. మా ఇంటి మేస్త్రి తాళంచెవితో గీకితే పెయింటు పొరలు పొరలుగా లేచొచ్చింది, కింద ఎర్రగా తుప్పు. నిజంగా జింకు పూత పూసిన పైపైతే పూత అట్టా పొరలుగా రాదు. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి అసలైన జీఐ పైపుకి కూడా ఆ అతుకుల మీద, కోసిన చివర్ల మీద జింక్ ప్రైమర్ కొట్టాలి. మాకు కోసిన చివర్లు నోరు తెరుచుకుని అట్టాగే ఉన్నాయి, లోపల నీళ్ళు.

పైపుకీ పైపుకీ మధ్య దూరం టేపు పెట్టి కొలిస్తే రెండడుగులు. ఈ పలకలకి మామూలుగా అడుగు నుంచి పదహారు అంగుళాల లోపు ఉండాలి, గుల్ల పలకకైతే ఇంకా జాగ్రత్త. దూరం పెంచితే ఇనుము మిగులుతుంది, కూలి మిగులుతుంది. ఆ మిగులు ఎవరి జేబులోకి పోయిందో చెప్పక్కర్లేదు. మా మామయ్య నడిస్తే పలక కిందికి దిగి పైకి లేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఇప్పుడు ఆయన పైకి రావడమే మానేశారు.

పలకల మధ్య ఖాళీ సంగతి కూడా రాయాలి. ప్లాస్టిక్ ఉన్న పలక ఎండకి పొడవునా సాగుతుంది. తొమ్మిది పది అడుగుల పలక మన ఎండకి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకని చివరకీ చివరకీ మధ్య, గోడ దగ్గర ఖాళీ వదలాలి. ఎంత వదలాలో ఆ కంపెనీ ఫిట్టింగ్ కాగితంలోనే ఉంటుంది. మాకు డెక్ వేసినవాళ్ళు "గ్యాప్ ఉంటే చూడటానికి బాగోదు మేడం" అని పిట్టగోడకి ఆనించి బిగించేశారు. ఎండలు ముదిరాక గోడ పక్క వరస మొత్తం అప్పడంలా ఉబ్బి పైకి లేచింది, పలకల్ని పట్టి ఉంచే క్లిప్పులు నాలుగు ఊడిపోయాయి. వాటిని ఏరి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కున్నాయి. వాళ్ళు వేస్తామన్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే అంత గట్టిగా పట్టుకోదు. కొత్తకోడూరు, మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డున కట్టుకునేవాళ్ళు క్లిప్పులు, స్క్రూలు 316 రకం అడగండి, ఉప్పు గాలికి అదే తట్టుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది డ్రిల్లింగ్ మిషన్. ఫ్రేమ్ కదలకూడదని స్లాబులోకి బోల్టులు దింపారు. స్లాబు మీద మేం అంతకుముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఉన్నాం. బోల్టు దిగిన ప్రతిచోటా ఆ పొరకి చిల్లే. దానికి తోడు పైపుల్ని నీళ్ళ వాలుకి అడ్డంగా పరిచారు. మిద్దె వాలు ఉత్తరానికి, పైపులు తూర్పు నుంచి పడమరకి. ప్రతి పైపూ ఒక చిన్న కట్ట అయిపోయింది. గొట్టం నోరు పలకల కిందికి పోయింది, విప్పకుండా చెయ్యి పెట్టే దారి లేదు. మనకి అసలు వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు నెల్లూరు వాళ్ళు ఎవరూ మర్చిపోరు. అంత వాన కూడా అక్కర్లేదు, మామూలు అల్పపీడనానికే కింద పడగ్గది సీలింగ్ మీద పచ్చటి మరక పడి, ఫ్యాన్ కొక్కెం పక్క నుంచి నీళ్ళు కారాయి. పలక ఎత్తితే కింద వేపాకులు కుళ్ళి నల్లటి బురద, దోమలు.

సరైన పద్ధతి ఏంటో తర్వాత మా ఇల్లు కట్టిన ఇంజినీరు చెప్పాడు. స్లాబుకి చిల్లు పెట్టకుండా చిన్న చిన్న కాంక్రీటు దిమ్మెల మీద ఫ్రేమ్ కూర్చోబెట్టి, బోల్టు ఆ దిమ్మెల్లోకే బిగించాలి. నీళ్ళు దిమ్మెల మధ్య నుంచి పోతాయి. ప్రతి గొట్టం నోటి దగ్గరా పైకి లేపగలిగే పలక ఒకటి ఉండాలి. పని మొదలెట్టే ముందు గొట్టాలు మూసి మిద్దె మీద ఒక రోజంతా నీళ్ళు కట్టి కింద సీలింగ్ చూసుకోవాలి. ఫ్రేమ్ అయ్యాక, పలకలు వేయకముందు మళ్ళీ నీళ్ళు కట్టాలి. రెండోసారి కారితే ఎవరు కార్చారో అప్పుడు వాదనే ఉండదు.

తలుపు కథ వింటే నవ్వొస్తుంది. మా మెట్లగది తలుపు మిద్దె వైపుకి తెరుచుకుంటుంది. ఫ్రేమ్, పలక కలిపి ఆరంగుళాలు లేచేసరికి గడప మునిగిపోయింది, తలుపు తెరుచుకోలేదు. మేం లేనప్పుడు రంపం తెచ్చి తలుపు అడుగు కోసేశారు. కోసిన చోట రంగు కూడా వేయలేదు, మొదటి వానకే ఆ చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. గడప డెక్ కంటే కిందికి పోవడంతో జల్లు కొడితే నీళ్ళు మెట్ల మీదికే.

అదే ఆరంగుళాలు పిట్టగోడ దగ్గర నవ్వులాట కాదు. మిద్దె పిట్టగోడ మనం నిలబడే నేల నుంచి కనీసం 1 మీటరు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. మాది కట్టినప్పుడు సరిగ్గా మీటరే, అంటే మూడడుగుల మూడంగుళాలు. డెక్ వేశాక మిగిలింది రెండడుగుల తొమ్మిది. మా చిన్నోడు కుర్చీ లేకుండానే గోడ మీద కడుపు ఆనించి రోడ్డు మీదికి వంగుతున్నాడు. ఇప్పుడు పైన స్టీలు రెయిలింగ్ పెట్టించాం, ఆ ఖర్చు వేరు. డెక్ ఎత్తు ఎంతో కొటేషన్‌లో అంగుళాల్లో రాయించుకుని, పిట్టగోడలోంచి, గడపలోంచి అది తీసేసి చూసుకోండి.

బొమ్మలోని ఆ పూలతొట్టి మాత్రం అదృష్టం కొద్దీ కట్టలేదు. మనుషులు తిరిగే మిద్దెకి మన భవన నిర్మాణ కోడు లెక్క చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు. అడుగు లోతు తడిమట్టి ఒక్కటే చదరపు మీటరుకి 500 కిలోలకి దగ్గరగా తూగుతుంది. దాన్ని స్లాబు నడిమధ్యన పెట్టమని గీసినవాడికి ఏమని దండం పెట్టాలి? మొక్కలు కావాలంటే తేలికైన కుండీల్లో, బీము మీదుగా గోడ వారన పెట్టుకోండి, ముందు ఇంజినీరుకి ఒక మాట చెప్పండి. పైన పందిరి కూడా వేద్దామనుకుంటే నెల్లూరు గాలి లెక్క సెకనుకి 50 మీటర్లని గుర్తుపెట్టుకోండి, అది తుపాను తీరం లెక్క. డెక్ పలకలకి స్క్రూలు కొట్టి పందిరి నిలబెడతామనేవాడిని గేటు దగ్గర నుంచే పంపించేయండి.

వారంటీ గురించి. పదేళ్ళని చెప్పింది పలక తయారు చేసిన కంపెనీ, అదీ వాళ్ళు చెప్పిన దూరంలో పైపులు, వాళ్ళు చెప్పిన ఖాళీలు ఉంటేనే. మేం ఫోన్ చేస్తే "ఫిట్టింగ్ తప్పు, మాకు సంబంధం లేదు" అన్నారు. వేసినవాళ్ళని అడిగితే "మెటీరియల్ ప్రాబ్లం అక్కా, కంపెనీని అడగండి" అన్నారు. అడ్వాన్స్ తీసుకునేదాకా మేడం, ఆ తర్వాత అక్క. ఫిట్టింగ్‌కి విడిగా, రాతపూర్వకంగా వారంటీ తీసుకోండి, అందులో స్లాబు కారడం కూడా రాయించండి.

బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుతుందని మాకూ ఆశ చూపించారు. మావారు ససేమిరా అన్నారు, అందువల్లే ఇవాళ మా చేతిలో కాగితం ఉంది. బిల్లు మీది జీఎస్టీ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, పేరు, స్థితి కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన నంబరు 37తో మొదలవుతుంది. సరుకు చెన్నై నుంచి వస్తే 33 ఉండొచ్చు, అందులో తప్పేం లేదు, కానీ అప్పుడు మీకు బిల్లు ఇచ్చేది ఎవరు, పని చేసేది ఎవరు అన్నది తేల్చుకోండి.

డబ్బు విడతలు కూడా మీ చేతిలో ఉంచుకోండి. మెటీరియల్ దిగి శాంపిల్‌తో సరిపోయాక కొంత, ఫ్రేమ్ అయి నీళ్ళు కట్టి చూశాక కొంత, పలకలు అయ్యాక కొంత. చివరి భాగం ఒక వానాకాలం దాటాకే ఇస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోనివాడు పని మీద నమ్మకం లేనివాడే. అన్నిటికంటే ముందు, త్రీడీ బొమ్మ పక్కన పెట్టి అడ్డకోత డ్రాయింగ్ ఒకటి అడగండి. స్లాబు, దిమ్మె, పైపు సైజు, పైపుల దూరం, పలక మందం, మొత్తం ఎత్తు, గొట్టాల చోటు, అన్నీ ఒక్క కాగితం మీద ఉండాలి. అది గీయలేనివాడికి డెక్ వేయడం రాదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. దానితో కదలకపోతే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, వినియోగదారుల కమిషన్ కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే మాట్లాడొచ్చు. గొడవ మొదలైనప్పటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. పలకలు విప్పే ముందు ఇంజినీరుని పిలిచి ఫోటోలు, కొలతలతో రిపోర్టు రాయించుకోండి, విప్పేశాక చూపించడానికి ఏమీ మిగలదు. వాట్సాప్ మాటలు చెరపొద్దు. మా ఫైల్లో "304 క్లిప్పులే వేస్తాం మేడం" అన్న వాయిస్ మెసేజ్ కూడా ఉంది.

మేం కట్టాల్సిన చివరి విడత ఆపేసి ఉంచాం. ఈ అక్టోబరు లోపల మొత్తం విప్పించి, చిల్లులు పూడ్చి, మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. దానికి మేస్త్రి ఇచ్చిన ఎస్టిమేట్ కూడా కేసు కాగితాల్లో జతచేశాం.