ఎనిమిది గజాల కిల్ట్: ఏళ్ళ తరబడి కట్టాక

స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ గళ్ళబట్టే కిల్ట్. మొదటి కిల్ట్‌ను చాలామంది తాతముత్తాతల పేరు మీద కొంటారు. కెనడాలోని నోవా స్కోషియా, న్యూజిలాండ్‌లోని డనీడిన్, అమెరికాలోని ఉత్తర కరోలినా కొండ ప్రాంతం, ఇలా స్కాట్లండ్ నుంచి వలస వెళ్ళిన కుటుంబాలున్న చోటల్లా ఇదే తీరు. పెళ్ళి కోసమో, బ్యాగ్‌పైపులు వాయించే పైప్ బ్యాండులో చేరడం వల్లో కొనేవాళ్ళూ ఉన్నారు. 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్ దుస్తుల్ని నిషేధించి 1782 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. 1822లో నాలుగో జార్జి రాజు స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు కిల్ట్ కట్టాడు. ఆ తర్వాతే అది కొండ ప్రాంతపు బట్ట అన్న స్థాయి దాటి మొత్తం స్కాట్లండ్‌కు గుర్తయింది. అయితే గుర్తింపు కోసం కొన్న బట్ట బీరువాలోనే ఉండిపోతుంది. స్కాట్లండ్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు సైతం మామూలు రోజుల్లో దీన్ని కట్టుకుంటున్నారంటే కారణం కుట్టులో ఉంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా చేత్తో కుట్టిన ఎనిమిది గజాల ఉన్ని కిల్ట్ గురించి, అదీ 16 ఔన్సుల బట్టతో చేసింది. 13 ఔన్సుల బాక్స్ కుచ్చిళ్ళ (రెండు వైపులా మడిచిన వెడల్పాటి కుచ్చిళ్ళ) కిల్ట్, పాలీవిస్కోస్ (పాలియెస్టర్, విస్కోస్ కలిపిన బట్ట), కాటన్ రకాలు కూడా వాడాను కాబట్టి తేడాలు అక్కడక్కడా చెబుతాను.

ఔన్సుల లెక్క పెద్ద పన్నా బట్ట గజం బరువుది. 16 ఔన్సులంటే గజానికి సుమారు 450 గ్రాములు. పెద్ద పన్నా బట్ట నాలుగు గజాలు తీసుకుని, పొడవునా మధ్యకు చీల్చి, రెండు ముక్కలూ జోడిస్తే ఎనిమిది గజాలవుతుంది. అస్తరు, తోలు పట్టీలు, బకిళ్ళు కలుపుకుని మొత్తం రెండు కిలోల దరిదాపుల్లో తూగుతుంది. చేతిలో పట్టుకుంటే బరువనిపిస్తుంది గానీ కట్టుకున్నాక ఆ బరువే సుఖం. గ్లాస్గో వీధుల్లో ఈదురుగాలికి కూడా వెనక కుచ్చిళ్ళు అంత తేలిగ్గా పైకి లేవవు. నడుస్తుంటే అటూ ఇటూ ఊగి మళ్ళీ తమ మడతలోకే వచ్చి పడతాయి. 10, 11 ఔన్సుల తేలిక బట్టకు ఈ గుణం లేదు, గాలి వీస్తే ఒక చెయ్యి ఎప్పుడూ వెనకే ఉంచుకోవాలి.

మనకు వెంటనే లుంగీ గుర్తొస్తుంది. కాళ్ళకు గాలి తగలడం వరకే ఆ పోలిక. లుంగీ ఎవరికైనా సరిపోతుంది. కిల్ట్ ఒక్క మనిషి కొలతకే కుడతారు, పైగా అది నిలబడేది బొడ్డు దగ్గర. జీన్స్ ప్యాంటు నడుము సైజు చెప్పి ఆర్డరిచ్చిన కిల్టే ఎక్కువసార్లు తిరిగి వెళ్తుంది. జీన్స్ బొడ్డు కిందకు దిగి ఉంటుంది కాబట్టి ఆ అంకె ఇక్కడ పనికిరాదు. టేపు బొడ్డు మీదుగా ఒకసారి, పిరుదుల అతి వెడల్పు భాగం మీదుగా ఒకసారి చుట్టాలి. పొడవు చూసేందుకు మోకాళ్ళ మీద కూర్చోవాలి, అప్పుడు కింది అంచు నేలకు సుమారు అంగుళం పైన ఉండాలి. నిలబడితే మోకాలిచిప్ప మధ్యకో, కొంచెం పైకో వస్తుంది. చిప్ప దాటి కిందికి దిగితే అంచు ప్రతి అడుగుకూ మోకాలి వెనక రాసుకుంటుంది, వానకు తడిసిన రోజున అక్కడ చర్మం మండుతుంది.

కుట్టు సంగతి చూడాలంటే కిల్ట్‌ను తిరగేయాలి. నడుము నుంచి పిరుదుల దాకా సుమారు ఎనిమిది అంగుళాలు కుచ్చిళ్ళను కుట్టేసి ఉంటారు, కింద వదిలేస్తారు. కుట్టిన భాగంలో ఒక్కో మడత పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, నడుము ఒంపు వచ్చేది ఇలాగే. పైభాగంలో పోగుపడిన అదనపు పొరల్ని లోపల కత్తిరించి, వాటి మీద గట్టి కాన్వాసు వేసి, ఆపైన కాటన్ అస్తరు కుడతారు. ఆ కాన్వాసే కీలకం. పట్టీలు బిగించినప్పుడు లాగుడంతా దాని మీద పడాలి. చౌక రకాల్లో కాన్వాసు ఉండదు. అప్పుడు లాగుడు నేరుగా కుచ్చిళ్ళ కుట్ల మీద పడి, కొన్నాళ్ళకు బకిలు పక్కన దారాలు సాగి మడతలు నోరు తెరుస్తాయి. తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు.

ఇంకొక గుర్తు కింది అంచు. మంచి ఉన్ని కిల్ట్‌కు కింద మడిచి కుట్టిన పట్టీ ఉండదు, మగ్గం మీద నేసిన అంచే కింది అంచు. మడిచి కుడితే ప్రతి కుచ్చిలి చివరా రెట్టింపు మందమై, ఊగడం పోయి బిరుసుగా నిలబడుతుంది.

కట్టుకునే వరుస కూడా ముఖ్యం. మేజోళ్ళు, బూట్లు ముందే వేసుకోవాలి, బొడ్డు దగ్గర బిగించాక వంగడం కష్టం. ముందు వైపు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరల్లో లోపలి పొర పట్టీ ఎడమవైపు రంధ్రంలోంచి బయటకొచ్చి ఎడమ బకిలుకు తగులుకుంటుంది. పై పొర ఎడమ నుంచి కుడికి వచ్చి కుడి బకిళ్ళకు. అలంకారంగా పెట్టే కిల్ట్ పిన్నును పై పొరకు మాత్రమే గుచ్చాలి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే కూర్చుని లేచేటప్పుడు బట్ట చిరుగుతుంది. కూర్చునే ముందు అరచేత్తో వెనక కుచ్చిళ్ళను కిందికి నిమురుకోవడం అలవాటు చేసుకుంటే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది.

వాడేకొద్దీ అరిగేది ముందు భాగమే. నడుముకు వేలాడే స్పోరన్ సంచి వెనక లోహపు గుండీలుంటే పై పొర నూగు లేచిపోతుంది, గొలుసు రాపిడికి నడుం దగ్గర బట్ట పలచబడుతుంది. రోజువారీకి తోలు పట్టీ ఉన్న సాదా స్పోరన్ మేలు. జేబులు లేని బట్ట కాబట్టి ఫోను, తాళాలు, పర్సు అన్నీ అందులోనే, ఈ ఇబ్బందికి పూర్తి పరిష్కారం లేదు. అమెరికాలోని సియాటిల్‌లో 2000లో మొదలైన యుటిలికిల్ట్స్ లాంటి కంపెనీలు కాటన్ గుడ్డతో, పెద్ద జేబులతో కిల్ట్‌లు చేసింది ఇందుకే. పనిముట్లు మోసేవాళ్ళకు అవి నిజంగా ఉపయోగం, కాకపోతే ఉతికిన ప్రతిసారీ ఒక్కో కుచ్చిలినీ ఇస్త్రీ చేయాలి.

ఎండ విషయంలో అనుకున్నట్టు ఉండదు. మోకాళ్ళకు హాయిగా ఉన్నా, నడుము చుట్టూ పొరలు పేరుకున్న చోట చెమట పడుతుంది. ఎనిమిది గజాల 16 ఔన్సులది విజయవాడ వేసవికి పనికిరాదు. వేడి ప్రాంతాల్లో నాలుగు గజాల బాక్స్ కుచ్చిళ్ళది 13 ఔన్సుల్లో కుట్టించుకోవాలి. 1790ల నాటి కిల్ట్‌ల తీరూ అదే. పొరలు తక్కువ, నడుము దగ్గర మందం తక్కువ. ఊపు కొంచెం తగ్గుతుంది, ఆ మేరకు సర్దుకోవచ్చు. పాలీవిస్కోస్‌ను ఇంట్లో ఉతుక్కోవచ్చు, మడతలూ బాగానే నిలుస్తాయి. అక్రిలిక్ మాత్రం వద్దు, కొద్ది నెలల్లో ఉండలు కట్టి కుచ్చిళ్ళు వదులైపోతాయి.

ఉన్నిదాన్ని మాటిమాటికీ డ్రై క్లీనింగ్‌కు ఇవ్వక్కర్లేదు. విప్పాక బ్రష్ చేసి, నడుము దగ్గర క్లిప్పులతో వేలాడదీసి ఒక రాత్రి గాలి తగలనివ్వాలి. తడిస్తే హీటర్ దగ్గర పెట్టకుండా అలాగే వేలాడదీసి ఆరనివ్వాలి. ఇస్త్రీకి ముందు కుచ్చిళ్ళను కింద కచ్చా కుట్టు వేసి పట్టించి, తడిగుడ్డ పరిచి ఆవిరితో నొక్కాలి. పెట్టెలో పెట్టేటప్పుడు మడవొద్దు, కుచ్చిళ్ళు సర్ది నిలువుగా చుట్ట చుట్టాలి. అన్నిటికంటే పెద్ద శత్రువు చిమ్మట. కలరా ఉండలు వేస్తే వాసన నెలల తరబడి వదలదు, జిప్పున్న గుడ్డ సంచిలో దేవదారు చెక్క ముక్కలు వేసి ఉంచడం నయం.

ఏ గళ్ళు కట్టాలన్న భయం చాలామందిని ఆపేస్తుంది. ఫలానా వంశం వాళ్ళే ఫలానా టార్టన్ (గళ్ళ నమూనా) కట్టాలన్న చట్టం లేదు. బ్రిటిష్ రాజకుటుంబానికి ప్రత్యేకమైన బాల్‌మోరల్ లాంటివి వదిలేస్తే, బ్లాక్ వాచ్, రాయల్ స్టీవర్ట్ వంటివి ఎవరైనా కట్టొచ్చు. 1999లో స్కాట్లండ్ సిక్కుల కోసం సింగ్ టార్టన్ కూడా వచ్చింది. ఇలా కొత్తగా వచ్చినవాళ్ళు తమ పేరుతో గళ్ళు నేయించుకుని ఆ సమాజంలో కలవడం నాకు చాలా ఇష్టమైన విషయం.

కొత్తది చేత్తో కుట్టించుకుంటే కొన్ని వందల పౌండ్లవుతుంది. ఒక్క పెళ్ళికో, గ్రాడ్యుయేషన్‌కో అయితే అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. పాతది కొనేటప్పుడు పై పొరను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చిమ్మట రంధ్రాలు వెతకండి, వెనక కూర్చునే చోట బట్ట మెరుస్తోందేమో చూడండి, అస్తరు మీద చెయ్యి వేసి లోపల కాన్వాసు ఉందో లేదో నొక్కి చూడండి. తోలు పట్టీలు పగిలి ఉన్నా పర్వాలేదు, మార్పించుకోవచ్చు. బకిళ్ళు జరిపిస్తే నడుము ఒకటి రెండు అంగుళాలు సర్దుబాటవుతుంది. తేడా అంతకు మించితే కుచ్చిళ్ళన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి, ఆ కూలికి ఇంకొంత వేస్తే కొత్తదే వస్తుంది.