పాత వెండి రూపాయి: ఏ కాలం నాటిది కొనాలి?

వెండి విలువ కోసమే పాత రూపాయిలు కొనేవాళ్లు బొమ్మ కన్నా ముందు సంవత్సరం చూడాలి. విక్టోరియా రాణి, ఐదో జార్జి కాలం రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం, అంటే దాదాపు 10.7 గ్రాములు అసలు వెండి. 1940-45 మధ్య వచ్చిన ఆరో జార్జి రూపాయి బరువూ అంతే. కానీ యుద్ధకాలంలో వెండిని సగానికి తగ్గించారు: 5.83 గ్రాములే. మిగతాది రాగి, నికెల్, జింకు. కాటా మీద రెండూ ఒకటే, మోసపోయేది ఇక్కడే!

నేనైతే మొదటిదే కొంటాను. రెండోది దాదాపు సగం ధరకు వచ్చినా, అందులో కల్తీ లోహం ఎక్కువ కాబట్టి అమ్మేటప్పుడు తరుగు, శుద్ధి ఖర్చు పేరుతో కోత పడుతుంది. ఇక 1947 రూపాయి జోలికి పోవద్దు, అది నికెల్‌ది. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది.