కారు సర్వీసింగ్ షోరూమ్‌లోనా, ఇంటి దగ్గరా?

మాది కోనసీమలో రాజోలు పక్కన పల్లె. వారంటీ అయిపోయిన దగ్గర్నుంచీ మా చిన్న పెట్రోల్ కారు సర్వీసింగ్ చాలావరకు నేనే చేసుకుంటున్నాను. వారంటీ ఉన్నన్నాళ్ళూ మాత్రం షోరూమ్‌కే వెళ్ళండి. ఉచిత సర్వీసులూ, కంపెనీ రికార్డూ చేతులారా వదులుకోవడం దండగ.

పని పెద్దదేం కాదు. మా కారుకి పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు, ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. ఇంజిన్ కాసేపు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పితే మడ్డి బాగా దిగుతుంది. బోల్టుకి కొత్త వాషర్ వెయ్యాలి. పాత ఫిల్టర్ ఊడదీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్తది బిగిస్తే స్టార్ట్ చెయ్యగానే ఆయిలంతా నేలపాలే. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి ఫిల్టర్‌ని చేత్తోనే బిగించాలి. జాకీ మాత్రం సిమెంటు చేసిన చోటే పెట్టండి, మన నల్లరేగడిలో అది దిగబడిపోతుంది. ఎత్తిన కారుని మోసే స్టాండులు పెట్టకుండా కారు కిందికి దూరడం మాత్రం వద్దే వద్దు.

తీసిన ఆయిల్ కాలవలో పొయ్యకండి బాబూ! వేసవిలో కాలవలు కట్టేసే ముందు మన మంచినీళ్ళ చెరువులు నింపుకునేది ఆ నీళ్ళతోనే. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్డులో ఇచ్చెయ్యండి. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాకి చిల్లు పొడిచి పారేస్తాను, నకిలీ సరుకు నింపేవాళ్ళకి పనికిరాకుండా.

ఇంట్లో చేసుకోవడంలో అసలు లాభం నాకు ఫిల్టర్ల దగ్గర కనిపించింది. కోతలప్పుడు రోడ్డంతా ధాన్యం ఆరబోస్తారు, దుమ్మూ ఊకా ఎయిర్ ఫిల్టర్‌లో దట్టంగా పడతాయి. మా కారులో డ్యాష్‌బోర్డు అర వెనకాల ఉండే, లోపలికొచ్చే ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ సంగతి ఇంకా ఘోరం. ఓసారి షోరూమ్ బిల్లులో ‘క్లీనింగ్’ అని రాసి డబ్బులు తీసుకున్నారు. ఇంటికొచ్చి తీసి చూస్తే ఎలక పోగేసిన కొబ్బరి పీచు చెక్కు చెదరకుండా ఉంది.

మరి డబ్బు ఎంత మిగులుతుంది? కంపెనీ విడిభాగాలు ఎక్కడ కొన్నా దాదాపు అదే ధర. లేబరూ, దాని మీద 18 శాతం జీఎస్టీ మిగులుతాయి కానీ జాకీ, స్టాండులు, బోల్టుని కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ కొన్న ఏడాది అదీ మిగలదు. నిజంగా తప్పించుకునేది షోరూమ్‌లో పనులు రాసుకునే సర్వీస్ అడ్వైజర్ మాటల్నుంచి. "ఆయ్, ఇంజిన్ కోటింగ్ కూడా వేసేయమంటారా అండి? ఏసీ క్లీనింగ్ కూడా బాకీ ఉందండి..." అంత మర్యాదగా అడిగితే కాదనడానికి మనకి మొహమాటం. కంపెనీ షెడ్యూలులో లేని పనికి వద్దండీ అనేస్తే చాలు, సగం బిల్లు తగ్గుతుంది. ఆ మాట అనగలిగినవాళ్ళకి షోరూమ్ మరీ ఖరీదేం కాదు.

బ్రేకులు మాత్రం నేను ముట్టుకోను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మా మాన్యువల్ రెండేళ్ళకోసారి మార్చమంది, మన ఉక్కపోతలో ఆ గడువు అస్సలు దాటనివ్వకూడదు. దానికి షోరూమ్‌కే వెళ్తాను, వెళ్ళినప్పుడు లిఫ్ట్ ఎక్కించి కింద నిలబడి చూస్తానని పట్టుబడతాను. అంతర్వేది వైపు ఉప్పుగాలి, 216 హైవే మీద రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళు కలిసి సైలెన్సర్‌నీ కింది రేకులనీ తినేస్తాయి. జాకీ మీద ఎత్తి చూస్తే ఆ తుప్పులో సగం కూడా కనపడదు. వీల్ అలైన్‌మెంట్‌కి ఎలాగూ మిషను కావాలి.

రెండు మూడేళ్ళలో అమ్మేసే ఉద్దేశం ఉంటే షోరూమ్ రికార్డే మేలు, అది లేదని బేరగాడు ధర కోసేస్తాడు. నాకు ఇది అమ్మే ఆలోచన లేదు. ఆయిల్, ఫిల్టర్ల బిల్లులు మాత్రం కిలోమీటర్లు రాసి ఓ కవర్లో పెడుతున్నాను.